తిప్ప ఊళ్లకి సునామీ వార్త వస్తే పడవ ఎక్కాలా, డాబా ఎక్కాలా?

ఏటిగట్టు:

గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఊళ్లు రెండు రకాలు. అంతర్వేది, ఓడలరేవు లాంటివి రోడ్డున్నవి. మగసానితిప్ప లాంటివి చుట్టూ నీళ్లున్న తిప్పలు, పడవే దారైనవి. మొదటి రకానికి సునామీ వస్తే ఏం చెయ్యాలో పెద్దగా వాదన లేదు, సముద్రానికి వీపు తిప్పి నడవడమే. రెండో రకం దగ్గరే చిక్కంతా. అక్కడ చాలామంది తుఫాను ప్రణాళిక కాగితాన్నే పైన పేరు మార్చి సునామీకి కూడా వాడేద్దామంటారు. "ప్రజలను తుఫాను షెల్టరుకు తరలించవలెను" అన్న ఒక్క వాక్యంతో పని అయిపోయిందనుకుంటారు.

నా మాట సూటిగా చెబుతున్నాను. తిప్ప మీద ఎవర్నీ ఉంచకూడదు. అందర్నీ పడవల్లో ఏరు దాటించి గట్టు ఎక్కించాలి. 2004 డిసెంబరు 26న భూకంపం ఉదయం 6:29కి వచ్చింది. విశాఖలో సముద్రమట్టం కొలిచే టైడ్ గేజ్‌లో కెరటం కనబడేసరికి 9 దాటింది. అంటే చేతిలో రెండున్నర గంటలున్నాయి. తిప్ప మీద మెరక అని మనం అనుకునేది మీటరున్నరో రెండు మీటర్లో. గట్టు అలా కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద చూశాక గట్లని దానికి తగ్గట్టు పెంచుకుంటూ వచ్చారు. కోనసీమలో నమ్ముకోదగ్గ ఎత్తు ఏదైనా ఉందంటే అదే. కొండలు మనకి లేవు.

ఒప్పుకోని వాళ్లు లెక్కతో రండి.

సరంగు లెక్క:

లెక్కే కదా, వేద్దాం. ఊహకి 900 మంది ఉన్న తిప్ప అనుకోండి. చేపల వేటకి పోనివి, ఇంజను పనిచేసేవి 12 పడవలు రేవులో ఉన్నాయి. ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు కాబట్టి పడవకి 15 మందికి మించకూడదు. అంతకంటే ఎక్కిస్తే సునామీ రాకముందే మునుగుతుంది. పాయ వెడల్పు కిలోమీటరున్నర. గంటకి 10 కిలోమీటర్ల చొప్పున దాటడానికి 9 నిమిషాలు, ఖాళీగా తిరిగి రావడానికి 9. మోకాటిలోతు బురదలో నడిపించి ఎక్కించడానికి 12, దింపడానికి 8. ట్రిప్పుకి సుమారు 40 నిమిషాలు.

ఇప్పుడు మీ రెండున్నర గంటలు. భూకంపం పట్టిన 10 నిమిషాలకి హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి మొదటి బులెటిన్ వెలువడుతుంది. అది రాష్ట్రం, జిల్లా, మండలం దాటి తిప్ప మీద మైకులో వినబడేసరికి, అన్నీ సవ్యంగా జరిగినా, భూకంపం దగ్గర్నుంచి 40 నిమిషాలు అయినట్టే. మిగిలింది 110. కెరటం చేరే వేళకి అరగంట ముందే ఏటిలో ఒక్క పడవ కూడా ఉండకూడదు. మిగిలింది 80. అంటే రెండు ట్రిప్పులు. 12 పడవలు, పడవకి 15 మంది, రెండుసార్లు: 360 మంది. మిగతా 540 మంది రేవులో బురదలో నిలబడి ఉంటారు. ఊళ్లో అంతకంటే పల్లం ఇంకోటి లేదు.

ఇది మంచిరోజు లెక్క. నీరు తీసే పాటు వేళైతే పడవలు సగం బురదలో కూర్చుని ఉంటాయి, తోసుకుంటూ నీళ్లలోకి దింపాలి. శ్రావణ భాద్రపదాల్లో వరద నీరు ఉంటే దాటే దారి రెట్టింపవుతుంది. తెల్లవారుజామున అయితే సగం పడవలు వేటలో ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధం 61 రోజులూ, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కానీ ఇంజన్లు విప్పి బాగుకి ఇచ్చి ఉంటాయి. ఏ కాలం చూసినా మీ ప్రణాళికకి ఒక కాలు కుంటే.

ఏటిగట్టు:

లెక్క బావుంది, ఒప్పుకుంటాను. కానీ 40 నిమిషాలు మైకు కోసం ఎందుకు ఆగాలి? పెద్ద భూకంపం మనకీ తెలుస్తుంది. 2004లో తూర్పు తీరం పొడుగునా తెలిసింది. దూరపు పెద్ద భూకంపం కుదుపులా ఉండదు, ఉయ్యాల ఊపులా నిమిషం దాటి సాగుతుంది. దీపాలు, ఫ్యాన్లు ఊగుతాయి, చెరువులో నీళ్లు ఆ గట్టుకీ ఈ గట్టుకీ కొట్టుకుంటాయి. మనది ఒండ్రు నేల, ఊపు ఇంకాస్త ఎక్కువే తెలుస్తుంది. అది తెలిసిన నిమిషంలోనే మొదటి ట్రిప్పు బయల్దేరితే మీ 80 నిమిషాలు 120 అవుతాయి. మూడు ట్రిప్పులు.

సుమత్రా పక్కన సిమెలూ దీవి వాళ్లు 1907 నాటి సునామీని పాటల్లో, మాటల్లో దాచుకున్నారు. 2004లో భూమి ఊగగానే, ఎవరూ చెప్పకుండానే కొండెక్కారు. 78 వేల మంది జనాభాలో చనిపోయింది ఏడుగురు.

పోటూపాటూ:

సిమెలూ వాళ్లకి వెనకాలే కొండ ఉంది, ఊరు భూకంపం పక్కనే ఉంది. నిలబడటమే కష్టమైన ఊపు అది, అనుమానానికి చోటు లేదు. మనకి 1,200 కిలోమీటర్ల పైనుంచి వచ్చే ఊపు రాత్రి నిద్రలో ఎంతమందికి తెలుస్తుంది? ఊగితే కదలమని చెప్పండి, మంచిదే. ఊగకపోతే భయం లేదని మాత్రం ఎవరూ అనుకోకూడదు. పడవలో ఉన్నవాడికి అసలు తెలియదు.

దీనికంటే పెద్ద విషయం ఒకటుంది, సరంగు గారి లెక్కలో కూడా అది రాలేదు. హెచ్చరిక కేంద్రం పద్ధతి ఏమిటంటే, భూకంపం చోటు నుంచి కెరటం 60 నిమిషాల లోపు చేరే తీరానికి భూకంపం లెక్క మీదే నేరుగా హెచ్చరిక ఇచ్చేస్తారు. 60 నిమిషాలు దాటే తీరాన్ని ముందు "వాచ్"లో పెడతారు. సముద్రం అడుగున పెట్టిన ఒత్తిడి మీటర్లు, అండమాన్ వైపు టైడ్ గేజ్‌లు నీరు కదిలిందని చూపించాకే దాన్ని పెద్ద హెచ్చరికకి పెంచుతారు. సుమత్రా, అండమాన్ వైపు నుంచి వచ్చేదానికి నికోబార్ మొదటి రకం, మన గోదావరి రెండో రకం. కాబట్టి "హెచ్చరిక" అన్న మాట వచ్చేదాకా ఆగిన తిప్ప ఊరికి మిగిలేది 110 నిమిషాలు కాదు. గంట మిగిలితే అదృష్టం. ఒక్క ట్రిప్పు.

అందుకని తిప్పలకి ఒక నియమం వేరుగా ఉండాలి: జిల్లా మొత్తానికి "వాచ్" అంటే కనిపెట్టుకుని ఉండమని అర్థం, తిప్పకి మాత్రం కదలమని అర్థం. పెద్ద హెచ్చరిక అంటే రెండు మీటర్లు దాటే కెరటం అంచనా, జనాన్ని ఖాళీ చేయించడం. అలర్ట్ అంటే అర మీటరు నుంచి రెండు మీటర్లు, తీరం దగ్గరికి పోవద్దనడం. వాచ్ అంతకంటే కిందది. రోడ్డున్న ఊరికి ఈ మూడు మెట్లు సరిపోతాయి. పడవ మీద బతికే ఊరు ఒక మెట్టు ముందే ఉండాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "సముద్రం వెనక్కి పోతే పారిపోండి" అని ప్రతి బోర్డు మీదా రాస్తారు. తప్పు కాదు, కానీ మనకి సగం మాటే. సుమత్రా దగ్గర భూమి పలకల్లో ఒకటి ఇంకోదాని కిందికి దూరినప్పుడు పై పలక అంచు పైకి లేస్తుంది, దాని వెనక భాగం కుంగుతుంది. లేచిన వైపు పడమర, అంటే మన వైపు. కుంగిన వైపు తూర్పు, థాయిలాండ్ వైపు. అందుకే 2004లో వాళ్లకి ముందు సముద్రం వెనక్కి పోయింది, మనకి ముందే కెరటం వచ్చింది. వెనక్కి పోవడం కెరటాల మధ్యన కనబడింది. సముద్రం వెనక్కి పోతుందేమోనని ఒడ్డున నిలబడి చూసేవాడు మన తీరంలో ఆ బోర్డు చదివే మునుగుతాడు.

కొబ్బరాకు:

ఆయ్, అందరూ పెద్ద లెక్కలే వేస్తున్నారు. నాదొక మోటు ప్రశ్న. ఈ డెల్టాని ఏది చంపింది? 1789లో కాకినాడ పక్కన కోరంగిని ముంచింది, 1839 నవంబరులో మళ్లీ తుడిచిపెట్టింది తుఫాను ఉప్పెనలే. వాటిని సునామీలని రాసేవాళ్లున్నారు, కాదు. సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాట పుట్టించిన పిడింగ్టన్ దొర కోరంగి 1789 సంగతి కూడా తుఫానుల లెక్కలోనే రాశాడు. 1977లో దివిసీమ. 1996 నవంబరు 6న మన కోనసీమ. అదే సునామీ సంగతి చూడండి: 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ భూకంపానికి మన తీరం టైడ్ గేజ్‌లలో పడింది మీటరు లోపే. 2004లో రాష్ట్రం మొత్తం మీద పోయినవాళ్లు వంద చిల్లర. ఒక్క ప్రాణమైనా ప్రాణమే, కాదనను. కానీ ఉన్న డబ్బు, ఉన్న ఓపిక దేనికి ఖర్చు పెట్టాలి?

పైగా పులి కథ. 2012 ఏప్రిల్ 11న 8.6 భూకంపం, తీరమంతా పరుగులు, కెరటం మాత్రం నామమాత్రం. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి మైకు అరుస్తున్నా వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు.

పోటూపాటూ:

2012 ఉదాహరణ మీ వాదనకి పనికిరాదండి. ఆ భూకంపంలో పలకలు పక్కపక్కగా జారాయి. సముద్రం అడుగు పైకి లేవలేదు, అందుకే నీరు కదల్లేదు. అంత పెద్ద అంకె వచ్చిన మొదటి నిమిషాల్లో అది పక్కకి జారిందా, పైకి లేచిందా అన్నది తేలదు. తేలేదాకా ఆగితే 2004 లాంటిది వచ్చిన రోజు ఆలస్యమవుతుంది. ఆ రోజు మైకు చేసింది తప్పు కాదు. హెచ్చరిక ఎత్తేసినప్పుడు ఎందుకు ఎత్తేశారో ఊరికి వచ్చి చెప్పకపోవడం తప్పు. చెబితే పులి కథ అవదు.

తుఫాను ముఖ్యమన్న మాటకి అడ్డు చెప్పను. కానీ తుఫానుకి రెండు మూడు రోజులు ముందే వాయుగుండం, రేవులో ప్రమాద సూచిక, గాలి, వాన అన్నీ చెబుతూ వస్తాయి. సునామీ మబ్బు లేని ఉదయం వస్తుంది. 2004 డిసెంబరు 26 పౌర్ణమి, ఆదివారం. మాఘ పౌర్ణమికి అంతర్వేదిలో సముద్రస్నానానికి దిగే జనాన్ని తలుచుకోండి. వాళ్లలో తీరం తెలిసినవాళ్లు ఎందరు?

సిమెంటు ఇనుము:

షెల్టరు మాట ఎత్తి ఎవరూ దాని లోపలికి వెళ్లలేదు. వెళ్దాం.

తుఫాను షెల్టరు కట్టిన ఆలోచనే వేరు. స్తంభాల మీద నిలబెట్టి, కింద ఖాళీగా వదిలి, పైన గదులు. ఉప్పెన నీరు కింద నుంచి పోతుంది, జనం పైన గదిలో గాలికి చిక్కకుండా ఉంటారు. తుఫానులో డాబా మీదికి ఎవరూ పోరు, గాలి ఎగరేసుకుపోతుంది. అందుకే డాబా మెట్లకి తాళం వేసి పెడతారు, తాళంచెవి ఎక్కడో ఉంటుంది. సునామీకి లెక్క తిరగబడుతుంది. గాలి లేదు, వాన లేదు, కావలసింది ఎత్తు ఒక్కటే. గది కాదు, డాబా.

ఎంత ఎత్తు? అమెరికా సివిల్ ఇంజనీర్ల కోడ్ ఏఎస్‌సీఈ 7లో ఒక సూత్రం ఉంది. ఆ చోట నీరు ఎంత మట్టానికి లేస్తుందని అంచనానో దాన్ని 1.3తో గుణించి, దానిమీద కనీసం మూడు మీటర్లు కలిపిన ఎత్తులో జనం నిలబడాలి. తిప్ప మీద రెండు మీటర్ల నీరు అనుకుంటే 2.6, దానికి 3 కలిపితే 5.6 మీటర్లు. స్తంభాలు మూడు మీటర్లుంటే మొదటి అంతస్తు చాలదు. డాబా ఆరున్నర మీటర్ల మీద ఉంటే చాలుతుంది. మూడు మీటర్ల నీరు అనుకుంటే 6.9 కావాలి, అప్పుడు ఆ డాబా కూడా తక్కువే.

జాగా సంగతి. తాత్కాలికంగా నిలబడటానికి మనిషికి 10 చదరపు అడుగులు లెక్క. 40 అడుగులకి 60 అడుగుల డాబా అయితే 240 మంది. 900 మంది ఎక్కరు. ఎక్కిస్తారా, పిట్టగోడ మీద కూర్చోబెడతారా? పిట్టగోడ నడుం ఎత్తు లేకపోతే తోపులాటలో పడేవాళ్లే ఎక్కువ.

ఇక అసలు దోషాలు. కింద ఖాళీగా ఉండాల్సిన చోట ఇటుక గోడలు లేపి వలలు, రొయ్యల మేత బస్తాలు, పంచాయతీ బండి పెడతారు. ఖాళీ స్తంభాల మధ్య నుంచి నీరు జారిపోతుంది, గోడ కడితే ఆ తోపుడంతా స్తంభాల మీద పడుతుంది. నీటి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. ఇసుక తిప్ప మీద స్తంభం మొదట్లో నీరు సుడి తిరిగి గొయ్యి తవ్వుతుంది. పునాది ఎంత లోతుందో కాగితం చూడందే ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇవి కాక, ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడిన పాత షెల్టర్లు. స్తంభం మీద నిలువు పగులు, దాని వెంట ఎర్రటి చార కనబడితే అది సున్నం వేసి కప్పాల్సింది కాదు.

షెల్టరుకి సముద్రం వైపు కట్టేసిన పడవలు కూడా లెక్కలో వెయ్యండి. తాడు తెగిన పెద్ద బోటు స్తంభానికి దుంగలా తగులుతుంది.

ఏటిగట్టు:

అంటే డాబా కూడా నమ్మకం లేదంటారు. నేను మొదట చెప్పిందీ అదే కదా.

సిమెంటు ఇనుము:

కాదు. ఏ డాబా అన్నది చూడాలంటున్నాను. ఏట్లో ఉన్న పడవ కంటే, స్తంభాలు గట్టిగా ఉండి, కింద ఖాళీగా ఉన్న ఆరున్నర మీటర్ల డాబా వందసార్లు మేలు. నాలుగు మీటర్ల లోతు పాయలో సునామీ నీరు గంటకి 22 కిలోమీటర్ల పైన ఎగువకి దూసుకొస్తుంది. మీ ఇంజను పడవ 10. దాన్ని దాటి పోలేదు, దానికి అడ్డంగా తిరిగితే బోర్లా పడుతుంది.

మడచెట్టు:

మడ అడవి ఊసు ఎవరూ ఎత్తలేదు. 2004 తర్వాత తమిళనాడులో కడలూరు వైపు చెట్లున్న ఊళ్లకి నష్టం తక్కువైందని పరిశోధకులు రాశారు. కాదు, ఆ ఊళ్లు ఎత్తులో ఉన్నాయి, సముద్రానికి దూరంగా ఉన్నాయి కాబట్టే తప్పించుకున్నాయని ఇంకొందరు తిప్పికొట్టారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. దట్టంగా, వెడల్పుగా ఉన్న మడ నీటి వేగాన్ని తగ్గిస్తుంది, కొట్టుకొచ్చే పడవల్ని, దుంగల్ని పట్టుకుంటుంది. నీటి ఎత్తుని ఆపలేదు. పైగా మన మడల మధ్య పాయలు, చీలికలు ఎక్కువ. నీరు చెట్లలోంచి కాదు, ఆ పాయల్లోంచి వస్తుంది.

అందుకే రెండు జాగ్రత్తలు. మడలోకి పారిపోవద్దు. బురదలో నడక నత్తనడక, చెట్లు ఎక్కడానికి గట్టివి కావు, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు ఆగుతుంది. రెండోది, తిన్నగా తవ్విన మురుగు కాలువల గట్ల మీద పరుగెత్తవద్దు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట మామూలు పోటుకే ఉప్పునీరు ఎంత లోపలికి ఎగదన్నుతోందో ఎండిన కొబ్బరి మొవ్వులు చూస్తే తెలుస్తుంది. సునామీకి అదే రాజమార్గం.

కాకినాడ వైపు వాళ్లు హోప్ ఐలాండ్ అడ్డుందని ధీమాగా ఉంటారు. రేవుకి అడ్డే. ఆ దీవి మీద కాపురమున్న వాళ్లకి ఎవరు అడ్డు? భైరవపాలెం మొగ దగ్గర అడ్డమే లేదు.

సరంగు లెక్క:

ఇందాకటి లెక్కకి పోటూపాటూ గారి వాచ్ నియమం, సిమెంటు ఇనుము గారి డాబా కలిపి చూశాను. పడవా, డాబా అని రెంటిలో ఒకటి తేల్చక్కర్లేదు, ఎవరు దేనికి అన్నది ముందే తేల్చాలి.

వాచ్ వినగానే, లేదా నిమిషం దాటిన ఊపు తెలియగానే, మొదటి ట్రిప్పు. అందులో మెట్లెక్కలేని వాళ్లు: ముసలివాళ్లు, నెలలు నిండిన ఆడవాళ్లు, మంచానున్న వాళ్లు, చంటిపిల్లల తల్లులు. 180 మంది. రెండో ట్రిప్పుకి డాబా మీద పట్టని వాళ్లలో రేవుకి దగ్గరున్న ఇళ్ల వాళ్లు. మిగతా వాళ్లు డాబా. అవతలి ఒడ్డున దిగినవాళ్లు రేవులోనే ఆగకూడదు. దిగిన చోటు కూడా పల్లమే, గట్టు దాకా నడవాలి. ఆ నడక రెండు కిలోమీటర్లుంటే ముసలివాళ్లకి ముప్పావు గంట. దాన్ని కూడా లెక్కలో వెయ్యండి, లేదా అవతల ఆటోలు, ట్రాక్టర్లు ముందే మాట్లాడి పెట్టండి.

ఆఖరి పడవ బయల్దేరే సమయం గడియారంలో చెప్పాలి, "త్వరగా" అని కాదు. బులెటిన్‌లో కెరటం చేరే సమయం ఉంటుంది. ఆ వేళకి 50 నిమిషాల కంటే తక్కువ మిగిలితే ఏ పడవా తిప్ప వదలకూడదు. ఆ తర్వాత రేవులో మిగిలినవాళ్లందరూ డాబాకే, అక్కడ ఇరుకైనా సరే.

కొబ్బరాకు:

కాగితం మీద చక్కగా ఉంది. మొగుడు డాబా మీద, పెళ్లాం పడవలో, పిల్ల బడిలో. ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? కుటుంబాన్ని విడదీస్తే ఒకరి కోసం ఒకరు వెనక్కి పరుగెడతారు. జనం పోయేది అక్కడే.

ఇంకోటి. గేదెల్ని వదిలి ఎవరూ కదలరు.

సరంగు లెక్క:

మొదటిది గట్టి మాటే. ఇంటిని విడదీయకూడదు. అయితే పడవకి ఎంచుకునేది మనిషిని కాదు, ఇంటిని. మెట్లెక్కలేని మనిషి ఉన్న ఇల్లంతా పడవకి. అప్పుడు 180లో పట్టే ఇళ్లు తగ్గుతాయి, సుమారు 45 ఇళ్లు. ఇంటి నంబరు, పడవ పేరు, దాన్ని నడిపే సరంగు పేరు రాసిన జాబితా సచివాలయం గోడకి అంటించాలి. బడి పిల్లల సంగతి బడికే వదిలెయ్యాలి. బడి షెల్టరు పక్కనే ఉంటే పంతులుగారు నేరుగా డాబా ఎక్కించడమే, తల్లిదండ్రులు బడికి రాకూడదని ముందే ఒప్పందం.

గేదెలకి పడవ లేదు, డాబా లేదు. కట్టు విప్పి వదిలెయ్యడం ఒక్కటే. పలుపు తాడుతో ఉన్న గేదె మునుగుతుంది, విప్పిన గేదె ఈదుతుంది.

పోటూపాటూ:

వేటలో ఉన్న పడవల మాట కూడా రాయండి. లోతు 50 బారలు దాటి ఉన్నవాళ్లు ఒడ్డుకి రాకూడదు. అక్కడ సునామీ పడవ కింద నుంచి పోయినా తెలియదు, ప్రాణం తీసేది మొగ దగ్గర ఇసుక మేట మీదే. లోతు తక్కువలో ఉన్నవాళ్లు చేతిలో ఎంత సమయముందో చూసి లోతుకి పోవాలా, ఒడ్డుకొచ్చి పడవ వదిలేసి నడవాలా తేల్చుకోవాలి. కెరటం వేళకి గంటలోపు మొగ దాటే ప్రయత్నం ఎటువైపూ చెయ్యకూడదు. వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటే 16వ చానెల్ తెరిచి ఉంచాలి. ఇంటి దగ్గర ఏమైందో తెలియక వెనక్కి వచ్చేస్తారు కాబట్టి, "మీ వాళ్లు డాబా మీద ఉన్నారు" అన్న ఒక్క కబురు వాళ్లకి పంపగలిగితే సగం పని అయినట్టే.

ఒక్క కెరటంతో అయిపోదు. ఇరవై నిమిషాలకో నలభై నిమిషాలకో ఇంకోటి వస్తుంది, మొదటిదే పెద్దదని లేదు. నీరు తీసిందని డాబా దిగి వంటగిన్నెలు వెతుక్కునేవాళ్లే రెండో దానికి దొరుకుతారు. హెచ్చరిక ఎత్తేశామని కంట్రోల్ రూమ్ చెప్పేదాకా పైనే ఉండాలి. జిల్లాది 1077, రాష్ట్రానిది 1070.

సిమెంటు ఇనుము:

పైనే ఉండాలంటే నీళ్లు కావాలి. డాబా మీద 240 మందికి మనిషికి మూడు లీటర్ల చొప్పున 720 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 36. వచ్చిన రోజు మొయ్యలేరు, షెల్టరు పై గదిలో ముందే ఉండాలి, నెలకోసారి మార్చాలి. కింద బోరు, నుయ్యి ఉప్పునీటితో చెడిపోతాయి, మళ్లీ తాగే నీరు పడవలోనే రావాలి.

ఏటిగట్టు:

సరే, నా మొదటి వాక్యం మార్చుకుంటున్నాను. "అందర్నీ దాటించాలి" అన్నది 900 మందికి కుదరదు. కానీ 150 మంది ఉన్న చిన్న తిప్పకి, 10 పడవలుంటే, ఒక్క ట్రిప్పులో కుదురుతుంది. అక్కడ నా మాటే నిలబడుతుంది, అక్కడ అసలు షెల్టరే ఉండదు. ఊరూరికీ మనుషులు, పడవలు, డాబా వైశాల్యం, పాయ వెడల్పు, ఈ నాలుగు అంకెలు వేసుకోకుండా జిల్లా అంతటికీ ఒకే కాగితం రాయడానికి మాత్రం ఒప్పుకోను.

వాచ్ కబురు తిప్ప మీదికి ఎలా చేరుతుందన్నది మాత్రం నాకింకా అనుమానమే. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా కూసిన నమూనా సందేశం గుర్తుందా? టవరు సిగ్నలున్న చోటే అది మోగుతుంది. తిప్ప మీద కరెంటు పోతే టవరు బ్యాటరీ మీద ఎంతసేపు?

పోటూపాటూ:

అందుకే ఫోను ఒక్కటే దారి కాకూడదు. సైరను, గుడి మైకు, చర్చి గంట, టముకు, ఇవన్నీ ఉండనివ్వండి. కాకపోతే తుఫానుకి కొట్టే పద్ధతి వేరు, సునామీకి వేరు ఉండాలి. తుఫాను గంట విన్న జనం ఇళ్లలో సామాను సర్దుతారు, ఆ అలవాటే ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఆగకుండా ఒక నిమిషం గంట, అర నిమిషం ఆపు, మళ్లీ నిమిషం. అది వింటే సర్దడం లేదు, నడవడమే. ఇది ఏటా ఒకసారి, నవంబరు 5 సునామీ అవగాహన దినం నాడో మరోనాడో కొట్టి చూపించాలి. అది కూడా పాటు వేళ చూసి పెట్టండి, పడవలు బురదలో ఉన్నప్పుడు. పోటు వేళ చేసిన డ్రిల్ ఫొటోలకి బావుంటుంది అంతే.

కొబ్బరాకు:

డ్రిల్‌కి నేనూ వస్తాను, గేదెతో సహా. ఒక్కటి చెప్పండి, డాబా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? వీఆర్వో దగ్గరంటే ఆయన ఒడ్డున కాపురం.

సిమెంటు ఇనుము:

తాళమే వద్దు. లోపల్నుంచీ బయట్నుంచీ తెరుచుకునే ఇనుప గడియ పెట్టండి. పిల్లలు ఎక్కుతారని భయమైతే గడియని ఐదున్నర అడుగుల ఎత్తులో పెట్టండి. తుప్పు పట్టకుండా నెలకోసారి గ్రీజు. డాబా మీద ఎండు చేపలు ఆరబోసుకునేవాళ్లు రోజూ ఎలాగూ ఆ తలుపు తీస్తారు, వాళ్లకి అప్పజెబితే బిగుసుకుపోదు.